ఉన్నట్టే రండి

ఒక అమ్మాయి తన నవ్వు చూసి ఆగిపోయిందంటే సాయిచంద్‌కే నమ్మబుద్ధి కాలేదు.

రాయదుర్గం మెట్రో కింద, టీ బండి దగ్గర జరిగింది. వేప్ అనే ఆవిరి సిగరెట్టుని జేబులో దాచుకుంటూ, తన జోకుకి తనే పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. పక్కన టీ తాగుతున్న అమ్మాయి గ్లాసు దించేసి అతని నోటివంకే చూస్తూ నిలబడింది. ఆమే వచ్చి పేరు చెప్పింది. ప్రియదర్శిని.

మెడలో ట్యాగు వేసుకున్నవాళ్ళంతా సాఫ్ట్‌వేరేనని సాయిచంద్ లెక్క. ఆమె మెడలోనూ ఒకటుంది. ఏ కంపెనీ అని అడుగుదామనుకున్నాడు గానీ, తన బీటెక్ గొప్పలు, ఇంటర్న్‌షిప్ గొప్పలు చెప్పుకోవడానికే టైము చాలలేదు. ఆమె మధ్యలో ఏదో చెప్పబోయింది. వీడు ఆగితే కదా.

"సిగరెట్లు ఎప్పటినుంచండీ?" అని అడిగింది.

"ఇంటర్ నుంచి. ఇప్పుడు జర తగ్గించిన. వేప్ అయితే ఉత్త ఆవిరే, ఏం గాదు."

"అలాగని ఎవరు చెప్పారండీ?"

"మా కాలేజీల అందరికీ తెలుసు," అన్నాడు ధీమాగా.

"కారం తింటే బుగ్గల్లోపల మంట పుడుతుందా?"

పుడుతుంది. ఇన్నాళ్ళకి తన మంట గురించి ఒకరు అడిగారు. కన్నతల్లి కూడా అడగలేదు. సాయిచంద్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

వారం తిరిగేసరికి అతని టీ కూడా ఆమే చెప్పసాగింది. "మీలాంటివాళ్ళు దొరకడం కష్టమండీ. మా ఫ్రెండ్స్‌కి మీ గురించి చెప్తే కుళ్ళుకుంటున్నారు. ఇంకెవరైనా పిలిస్తే వెళ్ళిపోరు కదా?"

"నన్నెవరు పిలుస్తరు?" అన్నాడు, ఉన్నమాటే.

ప్రగతి నగర్ గదిలో ఇదంతా స్నేహితుడు నర్సింహకి అప్పజెప్పాడు. నర్సింహ అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు.

"గా పిల్ల నీల ఏం చూసిందిర?"

"గదే నాకు గూడ సమజైతలేదు."

అద్దం ముందు నిలబడి వెతికాడు కూడా. బట్టతల మొదలవుతోంది. ముక్కు కాస్త వంకర. పళ్ళ సంగతి చెప్పుకోకపోవడమే మంచిది, అంతా గోధుమరంగు గార. పాపం ఆ పిల్లకి చూపు సరిగ్గా ఆనదేమో అనుకున్నాడు.

శనివారం ఆమె అసలు మాట బయటపెట్టింది. "బుధవారం ఒకాయనకి మిమ్మల్ని చూపించాలండీ. చాలా స్ట్రిక్టు. ఆయన సరేనంటేనే నేను గట్టెక్కేది. వస్తారా?"

నాన్నే, అనుకున్నాడు సాయిచంద్.

"పొగ సంగతి అడిగితే?"

"నిజమే చెప్పండి. మానేస్తానంటే నాకూ సంతోషమే. కానీ బుధవారం దాకా హడావిడిగా ఏమీ చేయించుకోకండి. ఉన్నట్టే రండి."

ఉన్నట్టే రమ్మందట. ఇంత మంచి పిల్ల కోసం ఉన్నట్టే ఎలా వెళ్తాడు? వేప్ చెత్తబుట్టలో పడింది. ఆదివారం నుంచి గోళ్ళు కొరికాడు, ఇలాచీలు నమిలాడు, నర్సింహ మీద ఊరికే అరిచాడు. మంగళవారం బాచుపల్లిలో పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చున్నాడు. డాక్టరు అద్దం చేతికిచ్చి, చిగుళ్ళు ఎంత వెనక్కి జారాయో చూపించాడు.

"ఉత్త ఆవిరే కద సార్," అన్నాడు అలవాటుగా.

డాక్టరు నవ్వలేదు. సాయిచంద్‌కి మొదటిసారి భయమేసింది. "మొత్తం క్లీన్ చేసెయ్యండి సార్," అని నోరు తెరిచాడు.

బుధవారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని మెట్రో మెట్ల దగ్గర నిలబడ్డాడు. ప్రియదర్శిని ఆటో దిగి గబగబా వచ్చింది. ఆమె ముఖంలో ఆత్రం చూసి ఇతను ఇంకాస్త పొంగిపోయాడు. నవ్వాడు, తెల్లగా, పళ్ళన్నీ కనబడేలా.

ఆమె చేతిలోని బ్యాగు జారిపోయింది. మెట్టు మీద కూలబడింది. కళ్ళనిండా నీళ్ళు.

ఆనందబాష్పాలనుకున్నాడు.

"అంతా మీ కోసమే," అన్నాడు సిగ్గుపడుతూ.

"నన్ను నిలువునా ముంచేశారండీ, ఇంకో గంటలో మా డెంటల్ కాలేజీలో ఫైనల్ ప్రాక్టికల్, ఎగ్జామినర్ ముందు గార తీసి చూపించడానికి పేషెంటుగా మిమ్మల్నే నమ్ముకున్నాను, ఇప్పటికిప్పుడు అంత గార పట్టిన నోరు నేనెక్కడ తేను?"