చెయ్యి కుదిరాక

“టోపీ తీయండి.”

“డాక్టరుగారి ముందే తీస్తానమ్మా.”

పెద్ద సిస్టరుకు ఒళ్ళు మండింది.

జుట్టు నాటే ఆసుపత్రి అది. అక్కడికి అందరూ సిగ్గుపడుతూనే వస్తారు గానీ, తల చూపించనని మొండికేసినవాడు ఇంతవరకూ లేడు. ముందు ఆమె తల చూడాలి, తర్వాతే డాక్టరు. అది అక్కడి పద్ధతి. పద్ధతి తప్పితే దేవుణ్ణయినా వరండాలో కూర్చోబెట్టే రకం ఆవిడ.

ఈ ముసలాయనేమో చెవుల దాకా దించిన ఊలు టోపీతో బల్ల ముందు నిలబడ్డాడు.

“తల చూపించకపోతే జుట్టెక్కడ నాటాలి, మోకాలికా?”

బెంచీ మీద వాళ్ళు కిసుక్కుమన్నారు. ముసలాయన కూడా నవ్వాడు. దాంతో ఆమెకు ఇంకా మండింది.

“చెయ్యి కుదిరాక రమ్మన్నారమ్మా డాక్టరుగారు. ఇప్పుడు బాగా కుదిరిందని విన్నాను. అందుకే వచ్చాను.”

అంతే, అరికాలి మంట నెత్తికెక్కింది.

“చెయ్యి కుదరడమేంటండీ? ఆయన చెయ్యంటే ఏమనుకున్నారు? ఇటు చూడండి.”

బల్ల మీదున్న గాజు పెట్టెను ఆయన వైపు తిప్పింది. లోపల మఖమలు గుడ్డ మీద ఒక ఉక్కు పరికరం. పెన్నంత ఉంది. కొస బోలుగా, అంచు పదునుగా ఉంది. అలాంటి దాన్ని తల వెనక నొక్కితే వెంట్రుకలు కుదుళ్ళతో సహా ఊడి వస్తాయి. వాటినే తీసి బట్టతల మీద నాటుతారు.

“వీటి కొస ఎక్కడైనా గుండ్రంగా ఉంటుంది. ఇది కోలగా ఉంది, చూశారా? డాక్టరుగారు కుర్రతనంలో సొంతంగా బొమ్మ గీసి చేయించుకున్నారు. లోకంలో ఇదొక్కటే. దీంతో తోలుముక్కల మీద సాధన చేసి చేసి, చెయ్యి తిరిగాకే వేరే పరికరాలతో మనుషుల్ని ముట్టుకున్నారు. ఇది మాత్రం మనిషి ఒంటికి తాకనే లేదు. అలాంటాయన చేతికి మీరు వంక పెడతారా?”

వచ్చిన ప్రతివాడికీ ఆమె ఈ మాట చెబుతుంది. చెప్పినప్పుడల్లా తనే డాక్టరన్నంత గర్వం.

ముసలాయన పెట్టె మీదికి వంగాడు. చాలాసేపు చూశాడు.

“అలా చెప్పారా?” అన్నాడు. “మంచిదేలెండి.”

“ఇంతకీ మీకేం కావాలో ఆ ముక్క చెప్పండి.”

“మా మనవరాలమ్మా. రెండేళ్ళది. మొన్న నా టోపీ లాగేసి, తల చూసి జడుసుకుంది. అప్పట్నుంచీ తాత ఒళ్ళోకి రమ్మంటే రావట్లేదు. ఈ తల కాస్త కప్పితే చాలు, అది మళ్ళీ వస్తుంది.”

బట్టతల చూసి ఏ పిల్లయినా జడుసుకుంటుందా? ఎక్కి కూర్చుని తబలా వాయిస్తుంది గానీ. అంతా కట్టుకథ అనిపించింది ఆమెకు.

అయినా ఆయన కదిలేలా లేడని ఫోనెత్తింది.

“ఎవరో ముసలాయన సార్. చెయ్యి కుదిరాక రమ్మన్నారట మీరు.”



“టోపీ పెట్టుకున్నాడా?” అన్నాడు డాక్టరు.

“అవున్సార్. తియ్యమంటే తియ్యడు.”

“నేను లేనని చెప్పు.”

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె చేత ఎవరూ అబద్ధం ఆడించలేదు. ఆ కోపం కూడా ముసలాయన మీదే తీర్చుకుంది.

“డాక్టరుగారు లేరు. ఇంకోసారి ఇలా కథలు చెప్పుకుంటూ వస్తే వాచ్‌మన్ చేత గెంటిస్తాను. పెద్దవారు, మర్యాదగా వెళ్ళండి.”

ఆమె ఫోనులో మాట్లాడింది ఆయన ఎదురుగానే. అయినా ఆయన టోపీ సర్దుకుని బయల్దేరబోయాడు.

“చల్లగా ఉండమనండమ్మా. చెయ్యి మాత్రం కుదిరింది కదా?”

“కుదిరింది,” అంది విసురుగా.

“అది చాలు,” అని చేతులు జోడించి వెళ్ళిపోయాడు.

“ఎక్కడ దొరుకుతారో ఇలాంటివాళ్ళు,” అని గొణుక్కుంటూ ఆమె గాజు పెట్టె తుడవడం మొదలుపెట్టింది. అద్దాల తలుపులోంచి ఎదురుగా బస్టాపు కనిపిస్తోంది. ముసలాయన ఇటు వీపు పెట్టి ఎండలో నిలబడ్డాడు. చుట్టుపక్కల ఎవరూ లేరనుకున్నాడేమో, టోపీ తీసి చేతిరుమాలుతో తల తుడుచుకున్నాడు.

ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది.

ఆ తల వంక చూసింది. పెట్టెలోకి చూసింది. మళ్ళీ తల వంక చూసింది.

పెట్టె చంకన పెట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తింది.

“అయ్యా, ఆగండి. ఒక్క నిమిషం ఆగండి.”

ఆయన ఎక్కిన బస్సు కదిలిపోయింది. ఏ ఊరో, ఏ పేరో, ఆమె అడగనే లేదు. పద్ధతి ప్రకారం తల చూడ్డానికన్నా ముందు అడగాల్సింది అదే.

తిరిగొచ్చేసరికి డాక్టరు బల్ల దగ్గరున్నాడు.

“వెళ్ళిపోయాడా?” అన్నాడు మెల్లగా.

వెళ్ళిపోయాడని ఆమె తలూపగానే ఆయన మొహం తేటపడింది. అది చూశాక ఆమెకు అసలైన కోపం వచ్చింది. పొద్దుట్నుంచీ పడ్డదంతా ఉత్త చిరాకే.

బెంచీ మీది కుర్రవాడొకడు లేచి వచ్చాడు. ఆ మధ్యాహ్నం వాడికే జుట్టు నాటాలి.

“సిస్టర్, ఇందాక చెప్పారే, ఈ కోల పరికరం... దీంతో నిజంగా తోలుముక్కల మీదే సాధన చేశారా?”

ఆమె పెట్టెను బల్ల మీద పెట్టి, డాక్టరు కళ్ళలోకి సూటిగా చూసింది.

“కాదు బాబూ. ఈయనకి చెయ్యి కుదిరేదాకా తన తలనిండా ఈ కోల గాట్లు పెట్టించుకున్నది, ఇందాక నేను వెళ్ళగొట్టిన ఆ పెద్దాయన.”