గరుసు ఆరేదాకా

దారికి అడ్డంగా మళ్ళీ ముళ్ళకంప వేసి ఉంది.

ధ్రువ విసుగ్గా సైకిల్ దిగాడు. వరసగా ఇది మూడో శనివారం.

జంగమకోటె దగ్గర, మల్బరీ తోటల వెనక, ఎండిన కాలువ వెంబడి పోయే ఈ గరుసుమట్టి దారిని రెండు నెలల కిందట అతనే కనిపెట్టాడు. కనీసం అతను అలాగే అనుకుంటున్నాడు. లారీ లేదు, టిప్పర్ లేదు, హారన్ మోత లేదు. ఫ్రాన్సు పల్లెల్లో బండ్లు తిరగని మట్టిదారుల మీద సైకిళ్ళు తొక్కేవాళ్ళ వీడియోలు చూసి చూసి, మన చిక్కబళ్ళాపురం జిల్లాలో అలాంటిది ఒక్కటైనా ఉండదా అని ఊరూరా వెతికిన మనిషి. దొరకగానే ఫోన్ మ్యాపులో గీత గీసి, దానికి తన పేరే పెట్టేసుకున్నాడు.

వచ్చే నెల మొదటి ఆదివారం ఈ దారిలో తొక్కడానికి బెంగళూరు నుంచి ఇరవైమంది వస్తున్నారు. వాళ్ళ ముందు మాట పోకూడదు.

కంప పక్కన ముసలాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. పేరు పిళ్ళప్ప అని పోయిన వారమే తెలిసింది. చేతి దగ్గర పార, తట్ట, నీళ్ళ బిందె.

"ఏమప్పా, మళ్ళీ వేసినావా?"

"రెండు దినాలు తాళప్పా. గరుసు ఇంకా పచ్చిగా ఉండాది. పక్కన గట్టు మీద పో."

"నేనెందుకు పోవాల? దారి నీదా?"

"నాది కాదు."

"మరి ఎవురిది?"

ముసలాయన బిందెలోంచి నీళ్ళు తీసి గరుసు మీద చల్లాడు.

దారికి కంప వేసి, ఏడాది తిరిగేసరికి దాన్ని చేనులో కలిపేసుకునేవాళ్ళను ధ్రువ చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాడు. ఇలాంటి ఎత్తులు అతనికి కొత్తా!

అంతలో నలుగురు హైస్కూలు ఆడపిల్లలు సైకిళ్ళ మీద వచ్చారు. కంప చూసి ఒక్కరూ గొణగలేదు. దిగి, గట్టు మీదుగా సైకిళ్ళు నడిపించుకుంటూ వెళ్ళిపోయారు.

"చూడు, పిల్లోళ్ళను గూడా సతాయిస్తాండావు," అన్నాడు ధ్రువ.

కంప ఈడ్చి కాలువలో పారేశాడు. సైకిలెక్కి తడి గరుసు మీదే పోనిచ్చాడు. చక్రం లోతుగా దిగింది.

కొంత దూరం పోయి వెనక్కి చూస్తే, పిళ్ళప్ప మోకాళ్ళ మీద కూర్చుని ఆ చక్రం గాడిని అరచేత్తో పూడుస్తున్నాడు.

ధ్రువకు ఒళ్ళు మండింది. ఫోటో తీశాడు.

సోమవారం పంచాయితీ ఆఫీసులో, ముసలాయన దారి కలిపేసుకుంటున్నాడని అర్జీ ఇచ్చాడు. చదువుకున్నవాడి అర్జీ, పైగా ఫోటో కూడా ఉంది. పని చకచకా జరిగిపోయింది.

పై శనివారం కంప లేదు. ముసలాయనా లేడు. ధ్రువ ఈల వేసుకుంటూ తొక్కాడు.

ఆ తర్వాత పది రోజులు వానలు పట్టుకున్నాయి.

ఆదివారం ఇరవైమందీ వచ్చారు. దారి సగానికి సగం కోసుకుపోయి ఉంది. ఎక్కడ చూసినా గుంతలు, పల్లేరుకాయలు. మైలు దాటకముందే ఏడు సైకిళ్ళు పంక్చరయ్యాయి.

"ఇదేనా నీ ఫ్రాన్సు?" అని అతని స్నేహితురాలు గార్గి నవ్వింది.

ధ్రువకు తల కొట్టేసినట్టయింది. ముసలాయన పార, తట్ట గుర్తొచ్చాయి. పక్క తోటలో మల్బరీ ఆకు కోస్తున్న కెంపమ్మ అనే ఆవిడ దగ్గరకు వెళ్ళాడు.

"అమ్మా, ఈడ కంప వేసే పిళ్ళప్ప యాడుండాడు?"

కెంపమ్మ చేతిలో కొడవలి ఆగిపోయింది.

"పోయినాడప్పా. వచ్చే మంగళవారానికి వారం."

"ఎట్ల?"

"ఎవురో అర్జీ ఇచ్చినారంట. దారి మీద కాలు పెడితే కేసు పెడతామని చెప్పి పంచాయితీ వాళ్ళు పార గూడా తీసుకుపోయినారు. వానకు గుంతలు పడతాయి, పిల్లోళ్ళు పడతారని ఒకటే కలవరం ఆయనకు. తాళలేక ఆ వానలోనే వచ్చి, చేతుల్తో మన్ను ఎగదోస్తా ఆ మలుపు కాడ పడిపోయినాడు."

అర్జీ ఇచ్చింది తనేనని చెప్పాలనుకున్నాడు ధ్రువ. నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"ఈ దారి... ఆయన వేసిందా?"

"ఇంకెవురప్పా? తొమ్మిదేండ్లు. తట్టతో గరుసు మోసి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టి, ఆరేదాకా కంప వేసి కాపలా ఉండేవాడు. పచ్చిగా ఉన్నప్పుడు ఆవు తొక్కినా, బండి పోయినా మళ్ళీ మొదలు."

ఆ గాడి, దాన్ని పూడుస్తున్న అరచెయ్యి ధ్రువ కళ్ళముందు కదిలాయి.

"ఎందుకమ్మా అంత కష్టం?"

"మా రక్షిత హైస్కూలుకు సైకిల్లో పోతా ఉండె. అప్పుడు ఈ దారి లే. పెద్ద రోడ్డులోనే పోవాల. టిప్పర్ వచ్చి తగిలింది. ఆడికాడే పాయ నా బిడ్డ." కెంపమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఈ దారి పడినంక ఇంకో బిడ్డ పోలేదప్పా."

ధ్రువకు కన్నీళ్ళు ఆగలేదు. మనవరాలి కోసం ఒక తాత తొమ్మిదేళ్ళు మోసిన మట్టి మీద తాను తన పేరు రాసుకున్నాడు.

"ఆయన మీ నాయనా అమ్మా?"

కెంపమ్మ తల అడ్డంగా ఊపింది.

"మాకేమీ కాడు. మంచేనహళ్ళి పక్కనోడు. తొమ్మిదేండ్లు నా కండ్ల ముందరే ఎండలో పని చేసినాడు. ఒక్క మాట ఆడలే, ఒక చెంబు నీళ్ళు ఇయ్యలే నేను. ఆ పొద్దు మలుపు కాడ పడిపోతే మాత్రం పరిగెత్తిపోయి, తల ఒళ్ళో పెట్టుకుని, నోట్లో నీళ్ళు పోసినా."

కోసిన ఆకును ఒడిలోకి ఎత్తుకుంటూ ఆమె మెల్లగా అంది.

"మా రక్షిత మీదికి వచ్చిన టిప్పర్ నడిపింది ఆయనేనప్పా."