ఆకుపచ్చ మచ్చ

“ఇంగోసారి ఎయ్యి అబ్బాయ్. ఈసారి ఆ కుడిపక్క సూడు,” అంది ప్రసన్నకుమారి.

రూపేష్ సీడీని మళ్ళీ మొదటినించి వేశాడు. తెర మీద ఆమె భర్త చెంగల్రాయులు నవ్వుతున్నాడు. వెనక సత్యవేడు దగ్గరి కోన, తడిసిన బండలు, కింద మడుగు. ఆయన లుంగీ పైకి కట్టుకుని, పక్కకు తిరిగి ఎవరినో చెయ్యూపి పిలిచాడు. ఆ పక్కనంతా ఆకుపచ్చ గళ్ళతో ఒక పెద్ద మచ్చ. ఆయన నీళ్ళకేసి తిరిగాడు. మచ్చ అంచు వీపును తాకినట్టు కనిపించింది. అంతే, మనిషి లేడు. నీళ్ళు మాత్రం ఊగుతున్నాయి.

చనిపోయిన మనిషి నవ్వు పట్టపగలు విన్నా బాగుండదు. రూపేష్ బొమ్మ ఆపేశాడు. తిరుపతిలో కంప్యూటర్ షాపు తెరిచిన ఈ రెండేళ్ళలో ఇలాంటి రిపేరుకు అతనెప్పుడూ వెళ్ళలేదు.

“అన్న పిలిచింది ఎవర్నక్కా?”

“అదే గదా సూడల్ల! కెమెరా ఆయనే స్టాండు మీద పెట్టినాడు. నేను కింద కారు కాడ అన్నం క్యారియర్లు దించతా ఉండాను. పైన ఆయన తప్ప ఎవురూ లేరు. ఆ మడుగులో ఏందో ఉండాదంట, మనిషిని పిల్సుకుంటాదంట. ఆ పక్క ఊరోళ్ళు సెప్తారు.”

రూపేష్‌కు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. చేతుల మీద వెంట్రుకలు మాత్రం లేచాయి. వాటికి అతని నమ్మకంతో పనిలేదు.

“ఈ మచ్చ సీడీలోదా, కంప్యూటర్లోదా?” అని అడిగిందామె.

“కంప్యూటర్దేనక్కా. లోపల బొమ్మ సూపించే కార్డు ఒకటి ఉండాది. దాన్ని నడిపించే సాఫ్ట్‌వేరును డ్రైవర్ అంటారు. మీది బాగా పాతది, వీడియో వచ్చేతలికి తడబడతా ఉండాది. ఇదే సీడీ ఇంగో కంప్యూటర్లో ఏస్తే శుభ్రంగా కనపడతాది. మా షాపులో సూపిస్తా రండి.”

“వద్దు వద్దు. నలుగురి ముందర నేను సూడలేను.” ఆమె ముఖం పాలిపోయింది. “కెమెరా బాడుగకిచ్చిన స్టూడియో ఆయన మొన్న టేపు దొరికిందని ఈ సీడీ చేసిచ్చినాడు. బొమ్మ సూడకుండానే ఎక్కించి, టేపు చెరిపేసినాడంట. ఉండేది ఇదొక్కటే. రేపు మా మరిది ధనంజయ వచ్చి తీసకపోతా ఉండాడు. ఆ లోపల నేనొక్కసారి తేటగా సూడల్ల, నాయనా.”

రూపేష్‌కు మనసు కరిగిపోయింది. మొగుడి ఆఖరి నవ్వును కూడా మరిది పట్టుకుపోతే ఆమెకు ఏం మిగులుతుంది?

కొత్త డ్రైవర్‌ను అతను ఒక సీడీలో వెంట తెచ్చాడు. ముందురోజే వచ్చి కార్డు పేరు చూసుకుని, ఆ కంపెనీ సైటులోంచే దింపుకున్నాడు. కానీ దాన్ని ఎక్కించేముందు రిస్టోర్ పాయింట్ పెట్టాడు.

“ఇదెందుకు?”

“వెనక్కి రావడానికి దారక్కా. కొత్తది కుదరకపోతే, మళ్ళా ఇప్పుడుండే మాదిరికే తెచ్చుకోవచ్చు.”

“అంటే, మచ్చ మళ్ళా కావల్లంటే వస్తాదా?”

“వస్తాది. ఎవురికి కావల్లక్కా మచ్చ?” అంటూ రూపేష్ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

పాత డ్రైవర్ తీసేసి కంప్యూటర్‌ను మళ్ళీ ఆన్ చేశాడు. తెర నల్లగా అయ్యి, కాసేపు అలాగే ఉండిపోయింది. ఆ నల్లటి అద్దంలో అతని ముఖం, వెనక ఆమె ముఖం కనిపించాయి. ఆమె రెప్ప వేయకుండా చూస్తోంది. తర్వాత బొమ్మలు, అక్షరాలు పెద్దవిగా, మొరటుగా వచ్చాయి. కొత్తది ఎక్కేదాకా ఇలాగే ఉంటుందని చెప్పి, అతను సీడీ మార్చాడు.

పని సగంలో ఉండగా కరెంటు పోయింది. పైన ఫ్యాను ఆగింది. కింద యూపీఎస్ కుయ్యోమంది.

“మధ్యలో ఆగిపోతే?” అంది ప్రసన్నకుమారి.

“మళ్ళా మొదలుపెట్టాల్సి వస్తాది. తెర రాకుండా కూడా పోవచ్చు.”

“ఆ సీడీ కూడా పోతాదా?”

“దానికేం కాదక్కా. భయపడొద్దు.”

ఆమె గట్టిగా నిట్టూర్చింది. పాపం, ఆ సీడీ మీదే ప్రాణాలు పెట్టుకుని ఉంది.

యూపీఎస్ ఆగిపోకముందే కరెంటు వచ్చింది. డ్రైవర్ ఎక్కింది. ఇంకోసారి ఆపి ఆన్ చేస్తే తెర కడిగినట్టు వచ్చింది. రూపేష్ ఆమె సీడీ చేతిలోకి తీసుకున్నాడు. ప్రసన్నకుమారి వెళ్ళి వీధి తలుపు గడియ వేసి వచ్చింది.

“పక్కింటోళ్ళు ఆయన గొంతు ఇన్నారంటే వచ్చేస్తారు. మళ్ళా ఏడుపులు,” అంటూ అతని కుర్చీ వెనక నిలబడింది.

చెంగల్రాయులు నవ్వాడు. ఆయన మీసం మీది నీటిచుక్కలు కూడా కనిపిస్తున్నాయి. మచ్చ ఉన్నచోట ఇప్పుడు ఒక నిలువు బండ ఉంది. దాని పక్కన నీడ. రూపేష్ కళ్ళు మూసుకుందామనుకున్నాడు కానీ మూయలేకపోయాడు.

చెంగల్రాయులు చెయ్యూపి పిలిచాడు. నీడ కదిలింది. ఆయన నీళ్ళకేసి తిరిగాడు. బండ వెనకనించి రెండు చేతులు వచ్చాయి. తొందరేమీ లేదు వాటికి. ఆయన వీపు మీద ఆని, ఒక్క తోపు తోశాయి. నీళ్ళు ఎగసిపడ్డాయి. అప్పుడు ఆ చేతుల మనిషి బండ చాటునించి వెలుతుర్లోకి వచ్చి, వంగి, మడుగులోకి చాలాసేపు చూసింది.

 రూపేష్ మౌస్ నొక్కి బొమ్మ ఆపేశాడు.

“బాగా కనపడతా ఉండాది గదా?” అంది ప్రసన్నకుమారి, అతని చెవి పక్కనే.

తెర మీది ముఖం ఆమెదే.