ఐదుసార్లు వచ్చిన చేప

“ఊదారంగుది కట్టు,” అన్నాడు వెండెల్. “పెద్దది.”

“అడుగున రాళ్ళు లెక్కపెట్టేలా ఉన్నాయి నీళ్ళు. అంత పెద్ద పురుగుని చూస్తే చేప మళ్ళీ సముద్రానికి తిరుగుటపా కడుతుంది,” అంది అతని భార్య ఐరిస్.

అంప్‌క్వా నది ఒడ్డున, నల్లరాతి పలక మీద నిలబడి వాళ్ళిద్దరూ అరగంటగా ఈ ఒక్క విషయం మీదే వాదించుకుంటున్నారు. గాలపు ముళ్ళ మీద ఈకలతోనూ వెంట్రుకలతోనూ కట్టిన ఎర పురుగులు పెట్టెలో ముప్పై దాకా ఉన్నాయి. మబ్బు పట్టింది కాబట్టి ముదురురంగు కావాలని అతని వాదన. సెప్టెంబరులో నది చిక్కిపోయింది కాబట్టి చిన్నది, లేతరంగుది కావాలని ఆమె వాదన.

ఇంకే రోజైనా ఎవరు నెగ్గినా ఒకటే. ఈరోజు అలా కాదు. పక్షవాతం వచ్చి వెండెల్ కుడిచెయ్యి, కుడికాలు పట్టు తప్పి పద్దెనిమిది నెలలైంది. ఆ తర్వాత నదికి రావడం ఇదే మొదలు. సముద్రం నుంచి నదిలోకి ఎదురీదుకుంటూ వచ్చే స్టీల్‌హెడ్ చేప ఒక్కటైనా తన ఎర వంక చూడకపోతే గాలపు కర్రలన్నీ పొరుగింటి థర్లోకి ఇచ్చేస్తానని అతను మాట ఇచ్చాడు. థర్లో సాయంత్రం ఐదింటికి వస్తాడు. ఇచ్చేశాక ఏం చేస్తావని ఐరిస్ అడిగితే, కిటికీ దగ్గర కూర్చుంటానన్నాడు.

ఎడమచేత్తో ఎర విసరడానికి డాక్టరు అడ్డు చెప్పలేదు. పెద్ద చేప ఒక్క గుంజు గుంజితే ఆ కాలు నిలవదని మాత్రం ఐరిస్‌తో విడిగా అన్నాడు. అందువల్ల, నడుం పట్టీని వెనకనుంచి తాను పట్టుకుని నిలబడతానన్న షరతు మీదే ఆమె అతన్ని తీసుకొచ్చింది.

చివరికి ఆమె మాటే నెగ్గింది. ముడి వెయ్యగల వేళ్ళు ఆమెవి. జింక వెంట్రుకలతో నిన్న తానే కట్టిన గోధుమరంగు పురుగును, నీటి మీద తేలేదాన్ని, పెట్టెలోంచి ఏరి తీసింది. అతనికి వీపు తిప్పి పట్టకారు అందుకుంది. టక్కుమని చిన్న చప్పుడైంది.

“ఏంటది?”

“ఎదురుముల్లు నొక్కాను. నొక్కకపోతే గస్తీవాడు ఊరుకుంటాడా?”

గుచ్చుకున్న చేప జారిపోకుండా పట్టే ఎదురుముల్లున్న గాలం ఆ నదిలో వెయ్యకూడదు. ప్రతివాళ్ళూ పట్టకారుతో దాన్ని అణిచేస్తారు. వెండెల్ ఎడమచేత్తో కర్ర అందుకున్నాడు.

మొదటి నాలుగు విసుర్లూ అతని కాళ్ళ దగ్గరే పడ్డాయి. ఒకటో తరగతి పిల్లల చేతిరాత ఇంతకంటే నయమని ఐరిస్ అంది. ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినవాళ్ళు అంతకంటే మంచిమాట ఎలా అంటారులే అన్నాడతను. పదో విసురుకు దారం సాఫీగా సాగి, నది నడిమికి చేరింది. పురుగు నీటిపైన సన్నటి గీత గీసుకుంటూ అడ్డంగా జారింది. దాని కింద నీరు ఉబ్బింది. బూడిదరంగు మూతి ఒకటి పైకి వచ్చి పురుగును నోట కరుచుకుని మునిగింది. కర్ర వంగింది. ఐరిస్ పట్టీని రెండు చేతులా బిగించింది. మరుక్షణంలో దారం వదులైంది.

“వదిలేసింది. కదలకు,” అన్నాడు వెండెల్.

వచ్చి వదిలేసిన చేప కోసం అక్కడివాళ్ళు పాటించే పద్ధతి ఒకటుంది. కాలు కదపకూడదు, దారం పొడవు మార్చకూడదు. రెండు నిమిషాలు ఆగి, ఇంకా చిన్న పురుగును కట్టి సరిగ్గా అక్కడికే విసరాలి.

“ఇంకా చిన్నది కట్టు.”

“అదే ఉండనీ. దానికి అదే నచ్చింది.”

ఆ పద్ధతి తప్పడం ఐరిస్‌కు ఏనాడూ అలవాటు లేదు. వెండెల్ మెడ తిప్పి ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు. తర్వాత అదే పురుగును అక్కడికే విసిరాడు.

చేప మళ్ళీ వచ్చింది. ఈసారి కర్ర కొన నీటిని తాకేదాకా లాగి వదిలింది. మూడోసారి పూర్తిగా గాల్లోకి ఎగిరి, ఒంటి పక్కనున్న గులాబిరంగు చార కనిపించేలా తిరిగి పడింది. నాలుగోసారి, నీకు వేరే పని లేదా అని వెండెల్ దాన్ని పేరంటానికి పిలిచినంత మర్యాదగా అడిగి, పకపకా నవ్వాడు. ఆ నవ్వు విని పద్దెనిమిది నెలలైందని ఐరిస్‌కు అప్పుడే తట్టింది. ఐదోసారి వచ్చి వెళ్ళాక, ఇక చాలు, పాపం దాన్ని పడుకోనిద్దాం అని అతనే అన్నాడు.

రాతి మీద కూర్చుని కాఫీ పోసుకున్నారు. వెండెల్ దారం చుట్టేసి, కొసనున్న పురుగును ఎడమ గుప్పిట్లో పెట్టుకున్నాడు.

“థర్లోకి ఫోన్ చెయ్యి. రావద్దని చెప్పు.”

“చేప చిక్కలేదు కదా,” అంది ఐరిస్, కప్పులోకి చూస్తూ.

“చిక్కాలని నేనెప్పుడన్నాను? చూస్తే చాలన్నాను. ఐదుసార్లు చూసింది.”

ఆమె చెయ్యి చాపింది. “ఆ పురుగు ఇలా ఇవ్వు. పెట్టెలో పెట్టేస్తాను.”

అతను గుప్పిట విప్పలేదు.

“ఒక్కసారి ముల్లు గుచ్చుకున్న చేప ఆ పూట మళ్ళీ రాదు, టీచరమ్మా. ఈ సంగతి నాకు చెప్పింది నువ్వే.” నెమ్మదిగా వేళ్ళు తెరిచి, అరచేతిలోని పురుగును, దాని కింద వంపు తెగిన మొండి ముల్లును ఆమెకు చూపించాడు. “వచ్చే శనివారంలోగా పెట్టెలో మిగిలినవాటి ముళ్ళు కూడా కత్తిరించెయ్. ఊదారంగుదానితో మొదలుపెట్టు.”