ఎంగిలి గంటె

చాంది గంటెడు కూర తీసి, ఉఫ్ ఉఫ్ అని ఊది, గంటె అంచుకే నోరు పెట్టి జుర్రుకుంది. మళ్లీ అదే గంటెను గిన్నెలో ముంచి కలిపింది. తల తుడుచుకుంటూ స్నానాల గదిలోంచి వచ్చిన హర్షిత వంటింటి గడప దగ్గరే ఆగిపోయింది. అనుమానం కాస్తా నిజమైంది. తను పొయ్యి మీద పెట్టి వెళ్లిన కూరను ఈ పిల్ల రోజూ ఎంగిలి చేస్తోంది.

ఎంగిలంటే హర్షితకు కంపరం. కొత్తగూడెంలో వాళ్లమ్మ వడ్డన అయ్యేదాకా కూర నాలుక మీద వేసుకోదు. హర్షితా అంతే. చెయ్యి ఎంత చెబితే అంత వేయడమే. ఇంటి దగ్గర ఆమె వంటను బీపీ ఉన్న నాన్న తప్ప ఎవరూ మెచ్చుకున్న పాపాన పోలేదు. ఖమ్మంలోని ఖానాపురం హవేలిలో చాందితో కలిసి ఈ గది తీసుకున్నాక మాత్రం ఆ చేతికి ఎక్కడలేని రుచి వచ్చింది. అంతా ఖమ్మం నీళ్ల మహిమ అని ఆఫీసులో అందరికీ చెప్పుకునేది.

అసహ్యం అసహ్యమే, ఆకలి ఆకలే. ఆ పూట ముఖం చిట్లించుకుంటూనే రెండుసార్లు వేసుకుని తింది.

చెప్పాలి. కానీ ఎలా? చాందిది ఏన్కూరు దగ్గర తండా. ఎంగిలి మాట ఎత్తితే, తండా పిల్లననే కదా అని మనసు కష్టపెట్టుకుంటే? తనకు జ్వరమొస్తే పక్కన కూర్చుని మందులు మింగించిన పిల్ల. దవాఖానాలో డ్యూటీ దిగి వస్తూ తన కోసం జామకాయలు పట్టుకొచ్చే పిల్ల. ఇలాంటి తోడు మళ్లీ దొరుకుతుందా? నాలుగు రోజులు మాట గొంతుదాకా వచ్చి వెనక్కి పోయింది.

ఇంతలో ఆఫీసువాళ్ల కార్తీక వనభోజనం వచ్చిపడింది. హర్షిత డబ్బాలో కూరల రుచి మరిగిన మేనేజరు చెంచురామయ్య, చిక్కుడుకాయ కూర ఆమే వండి తేవాలని పట్టుబట్టాడు. స్నేహితురాలినీ వెంటబెట్టుకు రమ్మన్నాడు. ముప్ఫైమందికి ఎంగిలి కూర ఎలా పెడుతుంది? ఇక తప్పదు.

శనివారం సాయంత్రం ఇద్దరూ చిక్కుళ్ల ఈనెలు తీస్తుండగా హర్షిత మొదలుపెట్టింది. తనకు తండా, ఊరు అన్న తేడాలేవీ లేవంది. సొంత చెల్లెలికైనా ఇదే చెబుతానంది. ఊరంతా తిరిగి తిరిగి చివరికి అసలు మాట దగ్గరికి వచ్చింది.

“నోట్ల పెట్టిన గంటె మళ్ల గిన్నెల ముంచుతున్నవ్ చాందీ. నాకు గట్ల నడవదు.”

చాంది చేతిలో చిక్కుడుకాయ ఆగింది. “అరచేతిల ఏసుకొని చూడాల్నా అక్కా?”

“అసలు చూడనే వద్దు. రేపటి కూర దిక్కే రాకు.”

చాంది ఏదో చెప్పబోయి, హర్షిత ముఖం చూసి మానుకుంది. “మంచిదక్కా, గంటె ముట్టుకోను” అని నవ్వింది. నొచ్చుకోలేదు. హర్షితకు ప్రాణం లేచొచ్చింది.

ఆదివారం ములకలపల్లి దాటాక, అడవి అంచున టేకుచెట్ల కింద విస్తళ్లు వేశారు. చెంచురామయ్య చిక్కుడుకాయ కూర కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, నమలడం ఆపాడు. పక్కనున్నాయన పచ్చడి అడిగాడు. ఆ పక్కనున్నావిడా అడిగింది. పచ్చడి గిన్నె వరుస చివరిదాకా పోయి ఖాళీగా తిరిగొచ్చింది.

హర్షిత గబగబా ఓ ముద్ద తిని చూసింది. ఇంట్లో నాన్న తినే కూరే. చప్పగా ఉంది. సిగ్గుతో తలెత్తలేకపోయింది. ఖమ్మం నీళ్లతోనే వండింది కదా, ఇవాళే ఇలా ఎందుకైందో ఆమెకు అంతుబట్టలేదు.

చాంది విస్తరి ముందు నుంచి లేచింది. తన సంచిలోంచి ఉప్పు ప్యాకెట్ తీసి, హర్షిత చేతిలో పెట్టి, చెవి దగ్గరికి వంగింది.

“గంటె ముట్టుకోలేదక్కా. ఆర్నెల్ల సంది రోజూ నీ కూరల నేనేసే ఉప్పు మాత్రం ఎంబడి తెచ్చిన.”