ఆఖరి బోల్టు

"ఆడమనిషి బిగించిన ఇంజను నా షూటింగుకు వద్దు" అన్నాడు ప్రొడక్షన్ మేనేజర్ పట్టాభిరామయ్య.

ఫిల్మ్‌నగర్ ఎత్తు దిగగానే రేకుల షెడ్డు. అందులో షూటింగు లైట్లకు కరెంటిచ్చే జనరేటర్ వ్యాను. దాని మీద, విప్పిన ఇంజను ముందు నిలబడి ఉంది బాలమణి.

"మా ఇంటాయన నర్సింహ ఉన్నప్పుడు సగం పని నేనే జేసేది సార్. ఆయన పోయిండు గాని నా చేతులు యాడికి పోలె."

"హెడ్ బోల్టు ఒక్కటి లూజైనా ఇంజను గోవిందా! నేను జూబ్లీ హిల్స్ వెళ్లొచ్చేలోగా నడిపించు. లేదా, ఇక మా వ్యాన్లు ఈ షెడ్డు గుమ్మం తొక్కవు."

ఆయన కారెక్కి వెళ్లిపోయాడు.

ఆ వ్యాన్లు రాకపోతే షెడ్డుకు తాళమే. బాలమణికి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంజను పైమూతను పట్టి ఉంచే ఆ హెడ్ బోల్టుల్ని మధ్య నుంచి అంచులకు దఫదఫాలుగా బిగించుకొచ్చింది. ఆఖరి దఫా మిగిలింది. బిగువు సరిపోతే పొడుగాటి టార్క్ రెంచి తనంతట తనే టక్కుమంటుంది. ఆ చప్పుడు వినపడేదాకా ఎంత లాగినా లాగనట్టే. పిడికి పైపు తొడిగి లాగుదామా అంటే కొలత తప్పుతుంది.

అన్నీ టక్కుమన్నాయి. మూల బోల్టు ఒక్కటే మొండికేసింది. బాలమణి అరచేతులు బొబ్బలెక్కాయి. రెంచి మాత్రం నోరు విప్పలేదు.

"చేతులతో కాదమ్మా, ఒంటితో లాగు."

తిరిగి చూసింది. షెడ్డు ముందు బండ మీద వెలిసిన నూలు చీరలో ఒకామె. బస్సు వచ్చేదాకా నీడకని కూర్చుంది.

"ఇంజను పని నీకేం ఎరుక?"

"ఇంజను సంగతి తెలీదు. పడతానని భయపడుతున్నావు. అది మాత్రం తెలుస్తోంది."

బాలమణికి రోషం పొడుచుకొచ్చింది. గోడ మీది పాత పోస్టరు చూపించింది. కోట బురుజు మీంచి గాల్లోకి దూకుతున్న హీరోయిన్. సినిమా వచ్చి ఏళ్లయినా బాలమణి దాన్ని ఎవర్నీ చింపనివ్వలేదు.

"భయమా? నాకా? గామెను జూసి ధైర్యం నేర్చుకున్న నేను! ఆడిదంటే గట్లుండాలె. నీ లెక్క కూసోని ముచ్చట్లు చెప్తె బోల్టు తిరుగుతదా?"

ఆమె పోస్టరు వైపు కాసేపు చూసింది. కోపం తెచ్చుకోలేదు. కుంటుకుంటూ వచ్చి, వ్యాను పక్కన నేల మీద, బాలమణి వెనక నిలబడింది.

"కాలు ఫ్రేముకి తన్నిపెట్టు. చేతులు చాపు. ఇప్పుడు వెనక్కి ఒరిగిపో. రెంచి జారితే పడతావు, నిజమే. పడితే నేను పట్టుకుంటా."

"నీ కాలే సక్కగ లేదు, నన్నేం పడతవ్?"

"పట్టుకుంటానన్నానుగా."

ఆ మాట బాలమణికి ఎందుకో నమ్మాలనిపించింది. పళ్లు బిగించింది. కాలు తన్నిపెట్టి, ఒంటి బరువంతా రెంచికి వదిలేసి, వెనక్కి ఒరిగింది.

టక్!

"గెలిచిన!" అని అరిచింది బాలమణి. నవ్వు వచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి. "గిదంత నీకెట్ల తెలుసు?"

"పడటం నేర్చుకున్నదాన్నిలే" అని ఆమె మళ్లీ బండ మీదకు వెళ్లింది.

మిగతా బిగింపులయ్యాక బాలమణి మీట నొక్కింది. ఇంజను గర్జించి అందుకుంది. అది విని ఆమె చిన్నగా నవ్వింది. అంతలో బస్సొచ్చింది.

చాయ్ తాగి పొమ్మందామని బాలమణి వ్యాను దిగేసరికి ఆమె బస్సెక్కేసింది. కనీసం పేరైనా అడగలేదే అనుకుంది.

బస్సు కదులుతుండగా పట్టాభిరామయ్య కారు వచ్చి ఆగింది.

"ఆడమనిషి బిగించిన ఇంజను సార్. చెవి పెట్టి ఇనుండ్రి!"

ఆయన విన్నాడు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. "సరే, వ్యాన్లు ఇక్కడికే పంపిస్తాలే" అన్నాడు.

తర్వాత మలుపు తిరుగుతున్న బస్సు వైపు చెయ్యి చూపించాడు. "ఇప్పుడు ఎక్కింది అమ్మాజీ కదూ? ఇక్కడికెందుకొచ్చింది?"

"బస్సు కోసం కూసున్నది. ఎవరు సార్ ఆమె?"

"కాలు విరిగాక సినిమాల్లో ఎవరూ పిలవలేదు పాపం" అంటూ పట్టాభిరామయ్య గోడ మీది పోస్టరు వైపు తిరిగాడు. "అందులో మొహమే హీరోయిన్‌ది, బురుజు మీంచి దూకింది ఆవిడే."