మనిషి దొరకలేదు

దేవానందం తిట్టిన తిట్లకి ఆ ల్యాప్‌టాప్ మనిషయ్యుంటే ఈపాటికి పోలీస్ స్టేషన్‌లో కేసు పెట్టేది.

తిరువూరు బస్టాండు పక్కన మోటార్లకి వైండింగ్ కట్టే షాపు అతనిది. ఖాళీ దొరికితే కథ రాసి ఊరి బ్లాగులో పెడతాడు.

బ్లాగు ఊరందరిదీ. అతని కథలు చదివేది మాత్రం ఒక్కడే. 'మీ అభిమాని' అని పేరు పెట్టుకుని ప్రతి కథ కిందా రెండు ముక్కలు రాస్తాడు. ఎనిమిదో తరగతిలో ఆగిపోయిన చదువుని ఆ రెండు ముక్కలే మరిపించేవి.

ఇప్పుడా ఒక్కడికీ ఎసరొచ్చింది.

బ్లాగు నడిపే నవీన్ కుమార్, ప్లాట్ల బ్రోకర్ల ప్రకటనలు పడలేక పోస్టు పెట్టే బటన్లన్నీ పీకేశాడు. ఇకమీదట కథ పంపాలంటే నల్లటి తెర తెరిచి, 'పంపు' అని టైపు చేసి, పక్కన ఫైలు పేరు కొట్టాలి.

దేవానందం తన కొత్త కథ పేరుతో కొట్టాడు. 'పంపు మనిషి విలువ'.

'మనిషి దొరకలేదు' అంది తెర.

మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే మాట. "దొరకలేదట!" అని పైకే అరిచాడు.

"ఎవరు దొరకలేదండీ?"

తలెత్తితే గుమ్మంలో ఎవరో పెద్దాయన. మోకాళ్ల పైకి మడిచిన లుంగీ, చేతిలో బరువైన సంచి.

"మోటారు తెచ్చావా?"

"లేదండి. ఊరికే, మిమ్మల్ని చూసి పోదామని."

"చూశావుగా. ఇంక బయల్దేరు."

ఆయన బయల్దేరలేదు. సంచి కింద పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏంటండీ అది?"

"కథ."

"దేని గురించండి?"

"మనిషి విలువ తెలియని లోకం గురించి. నీకర్థం కాదులే."

"అసలు నేనొచ్చింది..."

"చూడయ్యా, అక్కడ నా పాఠకుడు ఎదురుచూస్తుంటాడు. కథ పెట్టి వారం దాటింది. ఆయన కాస్తా వేరేవాళ్ల కథలకి పోతే నాకింకెవరున్నారు?"

పెద్దాయన సర్దుకుని కూర్చున్నాడు.

"ఆయనెలా ఉంటాడండి?"

"లెక్చరరై ఉంటాడు. ఇస్త్రీ చొక్కా, కళ్లజోడు. నీలాగా పనీపాటా లేక షాపుల చుట్టూ తిరిగే రకం కాదు."

పెద్దాయన మడిచిన లుంగీ మెల్లగా దించుకున్నాడు. మట్టి పాదాలు స్టూలు కిందికి లాక్కున్నాడు.

"అంతేలెండి" అన్నాడు. బస్సు టైమైందని లేచి వెళ్లిపోయాడు.

పీడా పోయిందనుకుని దేవానందం నవీన్‌కి ఫోన్ చేశాడు.

"ఏంటయ్యా నీ గోల? మనిషి దొరకలేదంటోంది."

"పేరు మధ్యలో ఖాళీ వదిలారా బాబాయ్? వదిలితే అది రెండు ఫైళ్లనుకుంటుంది. ఫైలు పేరు మార్చి కలిపి కొట్టండి."

కలిపి కొట్టాడు. 'చేరింది' అంది తెర.

అప్పుడు కనిపించింది సంచి. నిండా పచ్చి మామిడికాయలు.

"మతిమరుపు మనిషి" అని గొణిగి, కాలితో బల్ల కిందికి తోశాడు.

సాయంత్రం షాపు కట్టేయబోతూ, గుండె చిక్కబట్టుకుని బ్లాగు తెరిచాడు. అభిమాని ఎక్కడికీ పోలేదు. కథ కింద ఎప్పట్లాగే రెండు ముక్కలు రాశాడు.

'కథ బాగుందండి. సంచిలో కాయలు గడ్డిలో పెట్టుకోండి, మాగుతాయి.'